బార్ అండ్ రెస్ట్రెయింట్

మొన్న గుంటూరులో నా షుగరు రిపోర్టు చూసిన డాక్టరమ్మ, మా మనవరాలి వయసుంటుందేమో, కళ్ళజోడు పైకి తోసుకుని, "తాతగారూ, నేనెన్ని మాత్రలు రాసినా లాభం లేదండీ, మీకు కొంచెం సెల్ఫ్ కంట్రోల్ ఉండాలి" అంది. నేను ఊరుకునే రకమైతే బడిలోనే ఉండేవాణ్ణి కదా. "అమ్మా, నేను పాతకాలపు లారీని, నా సెల్ఫ్ ఎప్పుడో కాలిపోయింది, పొద్దున్నే నలుగురు పట్టుకుని తోస్తేగాని మంచం మీంచి కదలను. ఇక కంట్రోలంటావా, అది మా ఊళ్ళో కిరసనాయిలు పోసే కొట్టు, అదీ నెలకోసారే తలుపు తీసేవాళ్ళు" అన్నాను. డాక్టరమ్మ నవ్వింది, పక్కనున్న నర్సమ్మ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది, బయట వరసలో కూర్చున్న ముసలాళ్ళు కూడా విన్నట్టున్నారు, నేను బయటికి రాగానే జరిగి చోటిచ్చారు. కూర్చున్నాను గాని, మందుల చీటీ చేతిలో పట్టుకుని ఎంతసేపటికీ లేవలేకపోయాను. ఆ రెండు ఇంగ్లీషు మాటలనూ కలిపి పలకడం నాకు నేర్పింది మా బావ. ఆ మాటల మీద ఆ హాస్యం మొదటిసారి ఆడింది కూడా ఆయన ముందే.

బడికీ నాకూ ఏడో తరగతిలోనే చెడింది. తప్పు బడిదని నేనూ, నాదని బడీ ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాం. ఆ తరవాత చిలకలూరిపేట దాటాక మద్రాసు రోడ్డు పక్కన ఒక లారీల షెడ్డులో చేరి, ఎనభైల్లోకి వచ్చేసరికి మెకానిక్కునని చెప్పుకునేంత వాణ్ణయ్యాను. గుంటూరు మిరపకాయల యార్డుకు పోయే లారీలూ, జిన్నింగు మిల్లులకు పత్తి బోరేలు మోసే లారీలూ, చీమకుర్తి నుంచి రాయి తెచ్చే లారీలూ అన్నీ మా షెడ్డు ముందే మొరాయించేవి. ఆ రోజుల్లో సెల్ఫంటే మాకు ఇంజను తిప్పే మోటారు ఒక్కటే. అది పనిచేయని బండిని తోసి తోసి నా తరం వాళ్ళ భుజాలు కాయలు కాశాయి.

షెడ్డుకు నడిచిపోయేంత దూరంలోని ఊళ్ళో మా అక్క కాపురం. మా బావ అక్కడి మిషన్ బడిలో మాస్టారు, బడి ఆవరణలోనే పెంకుటిల్లు, మధ్యాహ్నం అన్నం నాకు అక్కడే. బావా బావమరుదుల మధ్య ఎగతాళి మా వైపు హక్కులాంటిది కాబట్టి ఆయనా నేనూ ఒకళ్ళనొకళ్ళు వదిలేవాళ్ళం కాదు. పొడుగ్గా సన్నగా ఉండేవాడు, ఇస్త్రీ చొక్కా, ముత్యాల్లాంటి దస్తూరీ. ఇంగ్లీషు మాటంటే ఆయనకు ప్రాణం. రేడియోలో ఇంగ్లీషు వార్తలు వస్తుంటే పక్కనే నిలబడి, వాళ్ళు పలికినట్టే పెదవులు కదిపేవాడు, నచ్చిన మాట దొరికితే ఆ రోజంతా దాన్ని నోట్లో వేసుకుని తాటిముంజను చప్పరించినట్టు చప్పరించేవాడు. ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా ఆ మాట వినిపించి పంపేవాడు. మాట్లాడేవాడు, బాగా మాట్లాడేవాడు, అన్నం తింటూ మాట్లాడేవాడు, నిద్రలో కూడా పిల్లలకు ఎక్కాలు చెప్పేవాడని మా అక్క నవ్వేది.

ఆయనకున్న జబ్బల్లా సారా. తాగితే కోపం వచ్చేదో, కోపం వస్తే తాగేవాడో పైవాళ్ళకు తెలిసేది కాదు గాని, అవి రెండూ జోడెద్దుల్లా కలిసే వచ్చేవి. మామూలప్పుడు చీమకు కూడా దారిచ్చే మనిషి, ఆ పూట గొంతెత్తితే మా షెడ్డు దాకా వినపడేది. ఒక ఏడు మా చర్చి సంఘ పెద్దలు కూర్చుని మాట్లాడుకుంటుంటే, బడి కప్పు కారిపోతోందనీ పిల్లలు వానలో తడుస్తున్నారనీ తాగి వెళ్ళి రభస చేశాడు. చెప్పింది న్యాయమే, చెప్పిన నోరే వాసన కొట్టింది. గుంటూరు నుంచి బళ్ళను చూసుకునే కరస్పాండెంటుగారు వచ్చి, అందరి ముందూ కూర్చోబెట్టి రెండే షరతులు పెట్టారు. వచ్చే కోతపండగ దాకా, కొత్త పంట గుడికి తెచ్చే ఆ రోజు దాకా, తాగకూడదు, ఎవరి మీదా నోరు లేవకూడదు. ఈ రెండూ నిలబెట్టుకుంటే పండగ ఆరాధనలో తానే వచ్చి, ఈయన మన మాస్టారేనని సంఘానికి చెబుతానన్నారు. ఏ ఒక్కటి తప్పినా కొత్త మాస్టారు వస్తాడు, ఆ పెంకుటింట్లోకి ఆయన భార్యా పిల్లలూ వస్తారు. మా అక్కకు అప్పటికి ఇద్దరు చిన్నపిల్లలు. ఆ ఇల్లు తప్ప తలదాచుకోవడానికి వాళ్ళకు మరో చూరు లేదు.

బావ ఆ రోజునుంచే మానేశాడు. మానేసిన మనిషి ఎలా ఉంటాడో చూసినవాళ్ళకే తెలుసు. చేతులు వణికేవి, అన్నం సయించేది కాదు, పొద్దు వాలే వేళకు ఇంట్లో నిలవలేక గుమ్మంలోకీ, గుమ్మంలోంచి గేటు దాకా తిరిగేవాడు. ఒకరోజు మా అక్క షెడ్డు దగ్గరికే వచ్చేసింది.

"ఒరేయ్, పొద్దు వాలితే చాలు, మీ బావ కాళ్ళు వాటంతటవే బజారు వైపు లాగుతున్నాయిరా. ఆ పూట ఆయన చుట్టూ నలుగురు మనుషులుండాలి. ఏం అబద్ధం చెబుతావో చెప్పు, తోలుకురా" అంది.

అబద్ధాలు చెప్పడంలో నా సామర్థ్యం మీద అక్కకున్న నమ్మకం ఇంకెవరికీ ఉండేది కాదు. మా షెడ్డుకొచ్చే రాళ్ళ లారీ డ్రైవరునీ, జిన్నింగు మిల్లులో కాటా వేసే ఒకాయన్నీ, ఊళ్ళో ఇంకో ఇద్దరు ముగ్గురినీ పోగుచేసి, మాస్టారు ఊరికే ఇంగ్లీషు చెబుతున్నారు, నేర్చుకుంటే పోలీసోడు ఏం రాసుకున్నాడో మీరే చదువుకోవచ్చని ఆశపెట్టాను. అలా బడి వరండాలో, పిల్లల నల్లబల్ల ముందు, మీసాలొచ్చిన మా క్లాసు మొదలైంది. రోజుకొక్క మాట. బల్ల మధ్యలో పెద్ద అక్షరాలతో రాసి, దాని చుట్టూ ఆయన ఎంతసేపైనా మాట్లాడేవాడు, మేము వింటున్నామా లేదా అన్నది ఆయనకు పట్టేది కాదు.

మొదటి మాట డిసిప్లిన్. డ్రైవరు దాన్ని డిసిప్లేను అని పలికి, అది ఎక్కడెక్కడికి పోతుందండీ అనడిగాడు. రెండో మాటే సెల్ఫ్ కంట్రోల్, దానికి నేనేమన్నానో మొదట్లోనే చెప్పాను. బావ నవ్వి, గుడిలో మనం ఆశానిగ్రహం అంటామే అదేరా అన్నాడు. కంట్రోలు కొట్టు ముందు ఎండలో డబ్బా పట్టుకుని నిలబడే మా అమ్మను మించిన ఆశానిగ్రహం ఎవరికుంది బావా అని నేనంటే, మరుసటి రోజు బడిపిల్లలకు అదే ఉదాహరణ చెప్పాడట. ఇంకోరోజు టెంపర్. దానికి కోపం అని అర్థం చెప్పి, కోపం ఆపుకోలేకపోతే టెంపర్ పోయింది అంటారని చెప్పాడు. మాకు నవ్వాగలేదు. మా షెడ్డులో లారీ కమాను కట్టకు టెంపర్ పోయిందంటే అది మెత్తబడి బరువు మొయ్యలేక వంగిపోయిందని. తెల్లవాళ్ళకు టెంపర్ పోతే అరుస్తారా, మనకు పోతే కూలబడతామే అన్నాను. ఆయన సుద్దముక్క పట్టుకుని బల్ల వైపు తిరిగి, రెండూ ఒకటేనేమోరా అన్నాడు.

ఒకరోజు మోడరేషన్ అని రాశాడు. అర్థం చెప్పబోయి ఆగి, ఆ మాటను కాసేపు చూసి, అరచేత్తోనే తుడిచేశాడు. "ఇది మన పాఠంలో లేదు, రేపు ఇంకోటి చూద్దాం" అన్నాడు. దానికి మితంగా అని అర్థమని నాకు ఎన్నో ఏళ్ళ తరవాత తెలిసింది. అప్పటికి మాత్రం, మాస్టారుకు కూడా రాని ఇంగ్లీషు ఉందని డ్రైవరు సంబరపడ్డాడు.

అన్నిటికన్నా గొప్పది రెస్ట్రెయింట్ రోజు. తనను తాను పట్టుకుని ఆపుకోవడం, పరిగెత్తే గుర్రానికి తన కళ్ళెం తానే వేసుకోవడం అని ఆయన చేతులు తిప్పుతూ చెబుతుంటే, నాకు నోరు దురదపెట్టింది. "ఇది మాకు తెలిసిన మాటే బావా, గుంటూరు నిండా ఇవే బోర్డులు. బార్ అండ్ రెస్ట్రెయింట్!" అన్నాను. క్లాసంతా ఒక్కసారి గతుక్కుమంది. మానేసిన మనిషి ముందు ఆ మాటా! అక్క లోపలినుంచి గుమ్మంలోకి వచ్చి నా వైపు చూసిన చూపుకు అన్నం పెట్టదేమో అనుకున్నాను. బావ మాత్రం ముందు బిత్తరపోయి, తరవాత కడుపు పట్టుకుని, గోడకు జారబడి, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వాడు. సారా మానేశాక ఆయన అలా నవ్వడం అదే మొదలు. అక్క అక్కడే నిలబడి చూసి చూసి, కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి పోయింది. ఆ పైన అదే మా ఊతపదమైపోయింది. సాయంత్రం నేను వెళ్ళగానే, ఏం బావా ఇవాళ ఎటువైపు అనడిగితే, బార్ దాటి వచ్చానురా, రెస్ట్రెయింట్లో కూర్చున్నాను అనేవాడు.

ఒకసారి నేనుండబట్టలేక, ఇంగ్లీషువాళ్ళకు అన్నీ ఆపే మాటలేనా, తినే మాటో తిరిగే మాటో ఒక్కటీ లేదా అనడిగాను. ఆయన నవ్వి బల్ల తుడవసాగాడు. ఏ రోజుకారోజు తనకు కావలసిన మాటను తాను బల్ల మీద రాసుకుంటున్నాడని మాలో ఎవరికీ తట్టలేదు. మేము నేర్చుకుంటున్నామనుకున్నాం.

అలా వానలు పోయాయి, మిరప కాపుకొచ్చింది, పత్తి పగిలింది. ఆ ఏడు పత్తిని తెల్లదోమ పట్టుకుంది. ఆకు కింద చేత్తో రాస్తే పిండి ఎగిరినట్టు ఎగిరేది. ఎవరి చేలో చూసినా వీపున పంపు కట్టుకున్న మనిషే, ఏ గాలి వీచినా పురుగుమందు వాసనే, రోడ్డు మీద లారీ కింద పడుకుని పనిచేస్తున్న నాకు కూడా గొంతు మండేది. బావ నాన్న కౌలుకు చేస్తున్న పత్తి చేను కూడా అలాగే తయారైంది. కోతపండగ రేపనగా, పంపు కొట్టే మనిషి జ్వరంతో పడిపోతే, ముసలాయన చేను గట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. బడికి సెలవు కావడంతో బావ ఆ పంపు తన వీపుకు కట్టుకున్నాడు. ఆయనకు అలవాటు లేని పని. గాలికి ఎదురు కొట్టకూడదనీ, చొక్కా తడిస్తే విప్పి పారేసి ఒళ్ళు కడుక్కోవాలనీ పుస్తకాల మనిషికి ఎవరు చెప్పారు! పొద్దు వాలిందాకా కొట్టి, తడిసిన చొక్కాతోనే ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రం బల్ల ముందు నిలబడి, "అక్షరాలు అలుక్కుపోతున్నాయిరా, ఇవాళ్టికి పోండి" అన్నాడు. అన్ని నెలల్లో క్లాసు ఆగడం అదొక్కసారే. రేపటి సంగతి తలుచుకుని బెదురుతున్నాడేమో అనుకుని మేము లేచాం. తిండి కూడా తినకుండా పడుకున్నాడట.

కోతపండగ ఎలా ఉండేదో మా వాళ్ళకు చెప్పక్కర్లేదు. గుడి ముందు భాగమంతా కొత్త పంట. ఎర్రగా మిరపకాయల బుట్టలు, తెల్లగా పత్తి, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. మా అక్క కూడా ఆ రోజు ఒక చిన్న బుట్టలో మిరపకాయలు తెచ్చి పెట్టి, ఉతికిన తెల్లచీరతో ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుంది. కరస్పాండెంటుగారు గుంటూరు నుంచి వచ్చారు. ప్రసంగం అయ్యాక లేచి, మన మాస్టారు ముందుకు రావాలని నవ్వుతూనే పిలిచారు. ఆయనకు ఆ మాట చెప్పాలనే ఉందని నాకు ఇప్పటికీ నమ్మకం.

బావ లేచాడు. లేవడమే తూలి లేచాడు. చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది, నోటి పక్కనుంచి చొంగ కారుతుంటే చేత్తో తుడుచుకుంటున్నాడు, కళ్ళు చూస్తే పాపలు ఆవగింజలంత. రెండడుగులు వేసి మిరపకాయల బుట్టను తన్నుకున్నాడు. బుట్ట బోర్లపడి కాయలు గుడంతా చెదిరాయి, ఒక కోడి అరిచింది, వెనక కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. కరస్పాండెంటుగారి మొహంలో నవ్వు పోయింది. ఆయన ముందు వరసలో ఉన్న బావ నాన్న వైపు తిరిగి, "ఏమయ్యా, నీ కొడుకు నిన్న ఎక్కడున్నాడు?" అనడిగారు.

ముసలాయనకు చెవుడు, కొడుకు తన చేలో చెమటోడ్చాడన్న గర్వం. గుడి అదిరేట్టు చెప్పాడు. "చేలోనే ఉన్నాడయ్యగారూ! పొద్దుటినించీ మందు కొడతానే ఉన్నాడు. నేనే ఇంక చాల్లేరా అన్నా, వినలా. మొత్తం అయిందాకా కొట్టి వచ్చాడు!"

పత్తి పండే నేలలో పుట్టినవాళ్ళం, మాకు మందు కొట్టడమంటే మొదట చేను గుర్తొస్తుంది, ఆ తరవాతే సీసా. టౌనులో ఉండే కరస్పాండెంటుగారికి ఆ వరస తిరగబడింది. ఊళ్ళో వాళ్ళకు రెండర్థాలూ తెలుసు గనుకనే ఫక్కున నవ్వారు. ఆ నవ్వు ఆయనకు సాక్ష్యమైపోయింది. నేను లేచి, "అయ్యగారూ, అది పత్తి మందండీ! పురుగుమందు!" అని అరిచాను. షెడ్డులో చేరినప్పటినుంచీ ఆ ఊళ్ళో నేను నోరు తెరిస్తే నవ్వడం అలవాటైన జనం, నేనేదో బావను కాచుకోవడానికి కొత్త హాస్యం ఆడాననుకుని ఇంకా గట్టిగా నవ్వారు. నిజమండీ, ఒట్టండీ అన్నకొద్దీ నవ్వు పెరిగింది. "నువ్వు కూర్చోవోయ్, నీ వేళాకోళాలకిదా చోటు" అని కసిరారాయన. తరవాత బావ వైపు తిరిగి, ఎంతో నొచ్చుకుంటూ, ఇంగ్లీషులో, డిసిప్లిన్ లేదు, సెల్ఫ్ కంట్రోల్ లేదు అన్నారు. ఆ గుడిలో ఆ మాటలు అర్థమైనవాళ్ళం ఆ వరండా క్లాసు వాళ్ళమే.

బావ దవడ కదిలింది. మెడ నరం లేచింది. ఆ నరం నాకు తెలుసు, అది లేచాక గొంతు లేవకుండా ఉన్న రోజు నేను చూడలేదు. అరిచెయ్ బావా, ఈ ఒక్కసారి అరిచెయ్ అని లోపల అనుకున్నాను. ఆయన నోరు తెరిచాడు, చుట్టూ ఉన్న మొహాలు చూశాడు, ఆడవాళ్ళ వైపు అక్కను చూశాడు, తెరిచిన నోరు మెల్లగా మూసుకున్నాడు. నోరు లేవకూడదన్నది రెండో షరతు కదా. చేతులు రెండూ కట్టుకుని నిలబడి, నిలబడిన చోటే ఆ మిరపకాయల మీద కూలిపోయాడు. తాగి పడ్డాడే అని ఎవరో అన్నారు. నోటి దగ్గర నురగ చూసి నేనూ డ్రైవరూ చెరో పక్క ఎత్తుకుని ట్రాక్టరులో వేసి పేటకు తీసుకుపోయాం. ఆస్పత్రిలో డాక్టరు బావ రెప్పలు ఎత్తి చూడగానే, ఏ మందు కొట్టారు, పత్తికా అనడిగాడు. అదే మాట గుడిలో ఒక్కరు అడిగి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను. సూది మీద సూది వేసి మనిషిని దక్కించారు.

బావ మంచం మీంచి లేవకముందే మా పాస్టరుగారూ నేనూ గుంటూరు వెళ్ళి కరస్పాండెంటుగారికి జరిగింది జరిగినట్టు చెప్పాం. ఆయన తల దించుకుని విన్నారు. సంఘం ముందు అన్న మాటను ఒక పాస్టరు మాట మీద, ఒక హాస్యగాడి మాట మీద తాను తిప్పలేనన్నారు. మాస్టారే వచ్చి సంఘం ముందు నిలబడి చెప్పుకుంటే వింటాననీ, అందాకా కొత్తాయన్ని ఆపుతాననీ అన్నారు. ఎగురుకుంటూ వచ్చి చెప్పాను. అక్క దేవుడికి దణ్ణం పెట్టుకుని, బావ చొక్కా ఇస్త్రీ చేయడానికి బొగ్గులు రాజేసింది.

బావ వెళ్ళనన్నాడు.

"ఎందుకెళ్ళరూ? తప్పు చేశారా? పిల్లల మొహం చూసైనా ఒక్క మాట చెప్పి రండి" అని అక్క బతిమాలింది. ఆయన గోడకు ఆనుకుని, చాలా నెమ్మదిగా చెప్పాడు. "మొదటి మాట మెల్లగానే చెబుతానే. ఆ నవ్విన మొహాలన్నీ ఎదురుగా ఉంటాయి. రెండో మాటకు గొంతు లేస్తుంది. గొంతు లేచిన రోజున నేను తాగకుండా ఇంటికి వచ్చానా? నీకు తెలియదా? ఉద్యోగం పోతే పోనీ. ఇదొక్కటీ మిగుల్చుకోనీ నన్ను." అక్క ఇస్త్రీపెట్టెలోని బొగ్గులు మళ్ళీ పొయ్యిలోకి దులిపేసింది.  నా జన్మలో మొదటిసారి నాకు హాస్యం దొరకలేదు.

పెంకుటిల్లు ఖాళీ చేశారు. మా డ్రైవరే తన రాళ్ళ లారీలో సామాను వేసుకుని, చీమకుర్తిలో తనకు తెలిసిన గ్రానైటు యార్డులో బావకు పని చూశాడు. తవ్వి తెచ్చిన పెద్ద పెద్ద రాతిబండల మీద ఎర్రరంగుతో గుర్తులు రాయడం పని. ఇంగ్లీషు అక్షరం ఒకటి, పక్కన అంకె. అంత అందమైన దస్తూరీ గల మనిషి, దుమ్ములో నిలబడి రాళ్ళ మీద ఒక్కొక్క అక్షరం రాస్తుంటే చూడ్డానికి వెళ్ళినవాణ్ణి దూరం నుంచే వెనక్కి వచ్చేసిన రోజులున్నాయి.

ఆయన మళ్ళీ తాగలేదు. కొడుక్కి పెళ్ళయిన రోజు తాగలేదు, వాళ్ళ నాన్న పోయిన రోజు తాగలేదు. ఆ కోతపండగలో మూసుకున్న నోరు మళ్ళీ మునపటిలా తెరవనూ లేదు. అడిగినదానికి ఊఁ, ఆఁ. అన్నం ముందు మౌనం, రేడియో ముందు మౌనం. రేడియో పోయి టీవీ వచ్చినా ఇంగ్లీషు వార్తలు పెట్టుకున్నది లేదు. కోపం ఒక్కదానికే తలుపు వేద్దామనుకున్నాడు. నవ్వూ ముచ్చటా కూడా ఆ తలుపు వెనకే ఉండిపోయాయి. నేను వెళ్ళినప్పుడల్లా, ఏం బావా ఇవాళ ఎటువైపు అని పలకరించేవాణ్ణి. పెదవి చివర చిన్నగా కదిలేది, అంతే. ఒక్కోసారి అక్క వంటింట్లోంచి చెవి ఇటు పెట్టి వినేది, జవాబు వస్తుందేమోనని.

ఇప్పుడు ఆ దారిలో పోతుంటే ఏదీ గుర్తుపట్టలేను. రోడ్డు ఎంత వెడల్పయిందంటే మా షెడ్డు ఉన్న చోటు మీదుగా ఇప్పుడు బస్సులు పోతున్నాయి. మిషన్ బడి లేదు, ఆ వీధిలోనే రంగు గోడల ఇంగ్లీషు మీడియం బళ్ళు రెండున్నాయి, మా బల్ల మీద రాసిన మాటలన్నీ వాటి గోడల మీద పెద్ద అక్షరాలతో ఉన్నాయి. బండి ఎక్కి వచ్చే పిల్లలు వాటిని చూడకుండానే లోపలికి పోతారు. చేలల్లో మందును డ్రోనులు కొడుతున్నాయి. మాట మాటకూ ఇంగ్లీషు వస్తోంది అందరికీ. ఒక్క మాట దొరికితే రోజంతా దాన్ని పట్టుకుని మురిసిపోయే మనిషి మాత్రం మళ్ళీ నాకు తగల్లేదు. ఆయన నోరు మూసుకోవడాన్ని గెలుపనుకోవాలో ఓటమనుకోవాలో, ఇన్నేళ్ళు నవ్వించి బతికిన నా బుర్రకు ఇవాళ్టికీ అందలేదు.

బావ పోయాక, జ్ఞాపకార్థ కూడికలో అందరూ ఆయన గురించి మాట్లాడారు. ఎంత నిగ్రహమున్న మనిషి అన్నారు, ఒకరినొక మాట అనని మనిషి అన్నారు. అక్క తల వంచుకుని వింది. అందరూ వెళ్ళాక విస్తళ్ళు ఎత్తుతూ, కాస్త నవ్వుతుందేమోనన్న ఆశతో నేనన్నాను, "అన్ని నెలలు బల్ల ముందు కూర్చోబెట్టి చెప్పాడు గాని అక్కా, బావ నేర్పిన మాటల్లో ఒక్కటీ నాకు ఒంటబట్టలేదు."

అక్క చేతిలో చీపురు ఆపి, నా వైపు చూసింది.

"మంచిపనే అయింది పోరా. నీకూ ఒంటబట్టి ఉంటే, ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో నాతో మాట్లాడేవాడెవడు?" అంది.